అప్పచ్చులమ్మే రైలు

జపాను వెళ్ళివచ్చామనగానే బరంపురంలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, బుల్లెట్ రైలు ఎక్కారా అని. ఎక్కాము. చాలా వేగంగా పోయింది. దాన్ని గురించి ఇంతకంటె వ్రాయవలసింది మాకేమీ కనబడలేదు. మేము వ్రాయదలచుకున్నది ఇంకొక రైలును గురించి. అది వెళ్ళేది మొత్తం 6.4 కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలోనే పది స్టేషన్లు. ఆ కొసనుంచి ఈ కొసకు సుమారు ఇరవై నిమిషాల ప్రయాణం. రైలు మీద వచ్చే డబ్బుతో రైలు నడవదు గనుక, ఆ కంపెనీవారు చెక్కలు కాల్చి, అమ్మి, ఆ డబ్బుతో రైలు నడుపుతున్నారు. ఇది వేళాకోళం కాదు, అచ్చంగా జరుగుతున్న సంగతి.

మేమంటే మేమిద్దరం దంపతులము, దుబాసీగా మా అల్లుడు. అతనికి టోకియోలో ఉద్యోగం. "మామయ్యగారూ, అత్తయ్యగారూ, ఇంకే పెద్ద ఊరు చూస్తారో చెప్పండి, తీసుకువెళ్తాను" అన్నాడు. "పెద్ద ఊళ్ళు చాలు నాయనా, గోపాలపురంలాగా సముద్రపొడ్డున చిన్న ఊరేదైనా ఉంటే చూపించు, రెండు రోజులు కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంటాం" అన్నాము. అతడు కాసేపు ఆలోచించి, "అయితే చోషి" అన్నాడు.

చోషి టోకియోకు తూర్పున, చీబా మండలానికి కొసన, సముద్రంలోకి ముక్కులాగా పొడుచుకువచ్చిన పట్నం. టోకియోనుంచి ఎక్స్‌ప్రెస్‌లో రెండు గంటలలోపే. జపానులో పొడవుకు రెండవదైన తొనే నది 322 కిలోమీటర్లు నడిచి ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. అంచేత ఊరికి ఒక పక్క ఏరు, తక్కిన రెండు పక్కలా సముద్రం. 1960లలో ఇక్కడ తొంభై వేలమంది పైచిలుకు జనం ఉండేవారట. 2020 జనాభా లెక్కల్లో 58 వేలకు వచ్చింది. కుర్రకారు టోకియోకు, ముసలివారు పైకి. మిగిలినవారు చేపలు పడతారు, సోయా సాసు చేస్తారు, కాబేజీ పండిస్తారు, లేదా ఈ రైలును గురించి దిగులుపడతారు.

రైలు దిగగానే ముందు ఊరు పలకరించేది ముక్కును. గాలి ఎటునుంచి వీస్తే అటునుంచి సోయా సాసు వాసన. ఊళ్ళో ఉన్న రెండు పెద్ద సోయా కార్ఖానాల్లో హిగెతా వారిది 1616లోను, యమసా వారిది 1645లోను పుట్టాయి. నాలుగు వందల ఏళ్ళుగా ఊరంతా ఒక పెద్ద జాడీలో ఊరుతూ ఉన్నట్లుంటుంది. యమసా కార్ఖానా చూడడానికి వెళ్ళినవారికి సోయా సాసు కలిపిన ఐస్‌క్రీము అమ్ముతారు. ఆవకాయ ఐస్‌క్రీమని ఎవరైనా అంటే నవ్వుతాం కదా, అలాగే నవ్వుకుంటూ కొన్నాము. తీపిలో ఉప్పు తగిలి, పాకం మాడుతున్నప్పటి రుచి. తరువాత ఎవరూ నవ్వలేదు. ఇంకొకటి కొన్నాము.

మేము దిగిన సత్రం యజమానురాలు మమ్మల్ని చూసి నడుము వంచి నమస్కరించింది. మేమూ వంగాము. ఆమె ఇంకొంచెం వంగింది. మర్యాదకు మేమూ ఇంకొంచెం వంగాము. నడుము నొప్పి ఉన్నవారు ఈ పోటీకి దిగరాదని మా అల్లుడు తెలుగులో హెచ్చరించకపోతే ఆ పూట అక్కడే గడిచిపోయేది. వీధి గుమ్మంలో బూట్లు విప్పడం మనకు కొత్త కాదు. కాని లోపల వసారాకు ఒక జత స్లిప్పర్లు, చాప పరచిన గదిలోకి పోతే అవీ విప్పి ఉత్తకాళ్ళు, మరుగుదొడ్డికి మళ్ళీ వేరే జత. మడీ మైలా మనమే కనిపెట్టామనుకునేవారు ఒకసారి అక్కడికి వెళ్ళి రావాలి. స్నానాల తొట్టిది ఇంకొక శాస్త్రం. ముందు బయట కూర్చుని ఒళ్ళంతా రుద్దుకుని శుభ్రంగా స్నానం చేయాలి, ఆ తరువాత తొట్టిలో దిగాలి. స్నానం అయిపోయాక ఇంకా తొట్టి దేనికయ్యా అంటే, "ఊరికే కూర్చోడానికి" అన్నాడు అల్లుడు. ఆ ఊరికే కూర్చోడంలో ఎంత సుఖముందో ఎదుట సముద్రం హోరు వింటూ కూర్చున్నవారికే తెలుస్తుంది.

భోజనం సంగతి చెప్పాలంటే, మాలో ఒకరికి చేప పొడ గిట్టదు, ఒకరికి చేప లేనిదే ముద్ద దిగదు. రెండవవారు ఆ ఊళ్ళో రాజభోగం అనుభవించారు. చేపల దిగుమతిలో చోషి రేవు జపాను మొత్తానికి ఏళ్ళ తరబడి మొదటి స్థానంలో నిలిచింది. కవ్వళ్ళవంటివి, కానాగంతలవంటివి పడవలనుంచి గుట్టలుగా దిగుతుంటే లారీలు వరుసకట్టి నిలుచుంటాయి. లారీ మలుపు తిరిగితే నాలుగు చేపలు రోడ్డుమీద పడతాయి. వాటికోసం సముద్రకాకులు లెక్కగా మలుపు దగ్గరే కాపువేసి ఉంటాయి. నేరుగా పోయే రోడ్డుమీద ఒక్క పిట్ట కనబడదు. మొదటివారికి మాత్రం కష్టకాలమే. పప్పులో చేప నీళ్ళు, చారులో చేప నీళ్ళు, ఆఖరికి వంకాయ మీద కూడా చేప పొట్టు చల్లి ఉంటుంది. ఆ రెండు రోజులూ ఆదుకున్నది కాబేజీ. అక్కడి కాబేజీకి లైట్‌హౌసు మార్కు వేసి దేశమంతటికీ పంపుతారు. పచ్చిగా కోసి పెడితే కరకరలాడుతూ తియ్యగా ఉంటుంది. పొలం గట్టున ఒక చిన్న కొట్టు, అందులో నాలుగు కాబేజీలు, పక్కన ఒక డబ్బా. మనిషి ఉండడు. డబ్బాలో వంద యెన్లు వేసి కాబేజీ పట్టుకుపోవడమే. మనవైపు ఇలా పెడితే డబ్బా కూడా పట్టుకుపోతారని అంటారేమోనని మా అల్లుడు ముందే భయపడి మా మొహాలు చూశాడు. మేమేమీ అనలేదు.

సాయంకాలం అయిదు గంటలకు ఊరంతటా స్తంభాలకు కట్టిన మైకుల్లోంచి ఒక పాట వరస వినిపించింది. పిల్లలు ఆటలు మాని ఇళ్ళకు పోవాలని గుర్తట. అసలు ఆ మైకులు పెట్టింది భూకంపం, ఉప్పెన వంటివి వస్తే హెచ్చరించడానికి. అవి రోజూ రావు గనుక రోజూ పాట వేసి, మైకు పని చేస్తున్నదో లేదో చూసుకుంటారు. అప్పుడప్పుడు "ఎనభై ఏళ్ళ తాతగారు, బూడిదరంగు చొక్కా, పొద్దున ఇంటినుంచి బయలుదేరి ఇంతవరకూ రాలేదు, కనబడినవారు చెప్పండి" అని కూడా చాటుతారట. జపానులో చిన్న ఊళ్ళలో చాలావాటిలో ఇదే ఏర్పాటు. తప్పిపోయే పిల్లలకంటె తప్పిపోయే తాతలు ఎక్కువైపోయారన్నమాట.

ఇక రైలు.

పెద్ద రైళ్ళ ప్లాట్‌ఫారం చివరిదాకా నడుచుకుంటూ పోతే, అక్కడ గాలిమర ఇల్లులాంటి చిన్న కట్టడం, దాని వెనుక రెండు పెట్టెల బండి. పెద్దింటి పెరట్లో వేసుకున్న పాకలాగా ఉంటుంది. టిక్కెట్టు బండిలోనే కండక్టరు ఇస్తాడు. మేము వెళ్ళినప్పుడు ఆ కొసకు 350 యెన్లు. బండి కదిలితే ఊగుతుంది. ఊరిలో ఇళ్ళ పెరళ్ళ మధ్యనుంచి, ఆరేసిన బట్టల పక్కనుంచి, కాబేజీ మళ్ళలోంచి పోతుంది. చెట్ల కొమ్మలు కిటికీలకు రాసుకుంటాయి. నౌపడానుంచి గుణుపూరుకు పోయే మన చిన్నరైలును ఎరిగిన పాఠకులకు ఇంతకంటె వర్ణన అక్కరలేదు. పర్లాకిమిడి రాజావారి పూనికతో 1900లో నడక మొదలుపెట్టిన ఆ బండి చిన్న పట్టాలమీద 2004 దాకా నడిచింది. తరువాత పట్టాలు వెడల్పు చేశారు. దాన్ని ఎక్కి చదువుకోడానికి పోయినవారు, పెళ్ళికూతుళ్ళను తెచ్చుకున్నవారు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. చోషి బండి ఎక్కగానే మాకు ముందు గుర్తుకు వచ్చింది అదే.

ఈ రైలు 1923లో మొదలయింది. అంతకుముందు 1913లో ఇంకొక కంపెనీ ఇదే దారిలో రైలు వేసి, నాలుగేళ్ళకే చేతులెత్తేసింది. అంటే మొదటినుంచీ జాతకం ఇదే. చేపలూ సోయా సాసూ మోసినంతకాలం ఏదోలా గడిచింది. తరువాత లారీలు వచ్చాయి, కార్లు వచ్చాయి, జనం తగ్గారు. 1995లో కంపెనీవారు పక్క వ్యాపారంగా "నురె-సెంబే" అమ్మడం ప్రారంభించారు. సెంబే అంటే బియ్యంతో చేసి నిప్పులమీద కాల్చే చెక్క, మన పప్పుచెక్కకు పప్పులేని చెల్లెలు. నురె అంటే తడిసినది. వేడివేడిగా ఉండగానే సోయా సాసులో ముంచుతారు, అది మెత్తబడి సాగుతుంది. మన ఇళ్ళలో చెక్కలు మెత్తబడితే డబ్బామూత ఎవరు సరిగా పెట్టలేదని విచారణ జరుగుతుంది. చోషిలో దానికి పేరుపెట్టి, సంచీలో కట్టి, ఊరి విశేషమని అమ్ముతారు.

2006లో కంపెనీకి నిజంగా ప్రాణం మీదికి వచ్చింది. ఒక పాత అధ్యక్షుడు సంస్థ పేర అప్పులు చేసి సొమ్ము కాజేసిన కేసు బయటపడింది. అప్పు పుట్టదు. బండ్లకు చట్టప్రకారం చేయించవలసిన మరమ్మతుకు డబ్బు లేదు. మరమ్మతు చేయించకపోతే బండి ఆపాలి. అప్పుడు ఉద్యోగులు ఊరందరికీ, దేశమందరికీ ఒక విన్నపం ప్రకటించారు. అందులో తత్త్వం లేదు, అభివృద్ధి లేదు. దాని సారాంశం: దయచేసి మా తడిచెక్కలు కొనండి, మేము రైలు మరమ్మతుకు డబ్బు సంపాదించాలి. అంతే. కొద్ది రోజుల్లో వేలకొద్దీ ఆర్డర్లు వచ్చిపడ్డాయి. రైలు గుమాస్తాలు, డ్రైవర్లు కూర్చుని చెక్కలు పొట్లాలు కట్టారు. బండి ఆగలేదు. కంపెనీ రాబడిలో రైలుకంటె చెక్కలదే పెద్ద వాటా. వ్యాపార సంస్థల వివరాలు సేకరించే ఒక పెద్ద కంపెనీ పుస్తకాల్లో ఈ రైల్వేను బియ్యపు చెక్కలు తయారుచేసేవారి పద్దులో వేశారట. ఆ మాట కంపెనీవారే నవ్వుతూ చెప్పుకుంటారు.

నవ్వుతూ చెప్పుకోవడమే వారి వ్యాపార రహస్యం. జపానులో పిల్లలు తినే చవక చిరుతిండి ఒకటుంది, "ఉమాయి-బో" అని. రుచికరమైన కడ్డీ అని అర్థం. దానికి పోటీగా 2018లో వీరు "మజుయి-బో" తెచ్చారు. మజుయి అంటే రుచి బాగులేదనీ అర్థమే, పరిస్థితి బాగులేదనీ అర్థమే. తిండి బాగానే ఉంటుందిగాని, మా కంపెనీ పరిస్థితి బాగులేదని సంచీమీద విన్నపం. విడుదల చేసిన రోజు ఆగస్టు 3. ఎనిమిదీ మూడూ కలిపి పలికితే జపాను భాషలో "హ-సన్", అంటే దివాలా. శుభమా అని సరుకు మొదలుపెడుతూ దివాలా ముహూర్తం పెట్టుకున్నవారిని మేమింతవరకు ఎక్కడా చూడలేదు. అవి లక్షలమీద అమ్ముడుపోయాయి. మేము ఆరు కొన్నాము. రుచి బాగానే ఉంది, కంపెనీవారి మాట నిజమే.

ఇంకా వినండి. స్టేషన్ల పేర్లు కూడా అమ్మారు. సంవత్సరానికి ఇంత అని డబ్బు కడితే మీరు చెప్పిన పేరు స్టేషను బోర్డుమీద వ్రాస్తారు. కసగామి-కురొహాయె అనే స్టేషను ఉంది. ఆ పేరులో "నలుపు", "మొలచుట" అనే అక్షరాలున్నాయి. తలకు రాసుకునే షాంపూ కంపెనీవారు 2015లో దాన్ని చేజిక్కించుకుని, ముందు అక్షరాలు కాస్త మార్చి, "నల్లని వెంట్రుకలు మొలచుట" అనే అర్థం వచ్చేలా బోర్డు పెట్టించారు. బోడిగుండుకూ మోకాలికీ ముడివేయడమంటే మనమేదో సామెత అనుకుంటాము, అక్కడ దానికి అద్దె కూడా వస్తుంది. బట్టతలవారు ఆ బోర్డు పక్క నిలబడి ఫోటో తీయించుకుంటారు. మా మూకలో కూడా ఒకరు తీయించుకున్నారు. మొదటి స్టేషను చోషికి "ఎన్నటికీ ఆశ వదలము" అనీ, ఆఖరి స్టేషను తోకావాకు "ధన్యవాదములు" అనీ పేర్లు పెట్టారు. చోషి అనే మాటకే అక్షరాలు వేరైతే "ఒంట్లో తీరు" అని అర్థం. "చోషి ఎలా ఉంది" అంటే "ఒంట్లో ఎలా ఉంది" అన్నమాట. ఆ ఊరివారు ఈ మాటను ఎన్ని రకాలుగా తిప్పి తిప్పి వాడారో లెక్కలేదు.

2015నుంచి వేసవిలో దయ్యాల బండి నడుపుతున్నారు. అక్కడ దయ్యాల కథలు ఎండాకాలంలో చెప్పుకుంటారు, భయంతో ఒళ్ళు చల్లబడుతుందని. పట్టాల కింద కంకరరాళ్ళను డబ్బాలో పెట్టి అమ్మారు. 2020లో కంపెనీ సొంతంగా ఒక సినిమా కూడా తీసింది, "రైలును ఆపకండి" అని దాని పేరుకు అర్థం. ఇంతకీ ఆ సంవత్సరమే కరోనా వచ్చి, ప్రయాణీకులు ఇంచుమించు లేకుండా పోయారు. అయినా చెక్కలూ చిరుతిండ్లూ ఇళ్ళకు పంపించి అమ్ముకుని, 2021 ఆర్థిక సంవత్సరంలో ఆరేళ్ళ తరువాత కంపెనీ లాభం చూసింది.

ఇదంతా వినోదమేనా అంటే కాదు. 2014 జనవరిలో ఒక బండి పట్టాలు తప్పింది. బాగుచేయించడానికి డబ్బు లేక ఆ బండి మూలపడింది. అప్పుడు చోషి వాణిజ్య ఉన్నత పాఠశాల పిల్లలు, రోజూ అదే రైల్లో బడికి వచ్చేవారు, దేశమంతటినీ చందాలడిగి యాభై లక్షల యెన్లకు దరిదాపుగా పోగుచేసి ఇచ్చారు. ఆ రైలు పోతే బడికి పోవడమెలా, ఆసుపత్రికి పోవడమెలా అన్నదే వారి భయం. ఊరి పెద్దాసుపత్రి డబ్బు లేక, డాక్టర్లు లేక 2008లో మూతబడింది. ఆ కోపంలో మరుసటి ఏడు ప్రజలు ఓట్లు వేసి మేయరును దింపేశారు. 2010లో మళ్ళీ తెరిచారు. సముద్రంలో ముప్పైయొక్క పెద్ద గాలిమరలు నిలుపుతామని 2021లో గుత్త దక్కించుకున్న కంపెనీలు, ఖర్చులు పెరిగాయని 2025 ఆగస్టులో తప్పుకున్నాయి. వాటిమీద ఊరివారు కట్టుకున్న ఆశలు అలాగే ఉన్నాయి. ఒకటి మూతబడుతుందంటే రెండవది కూడా వెంటపోతుందని అక్కడివారికి తెలుసు. అంచేతనే మజుయి-బో కొనేవాడు చిరుతిండి కొంటున్నాననుకోడు.

ఇనుబో స్టేషనులో దిగి లైట్‌హౌసు చూశాము. ఇనుబో అంటే కుక్క మొరిగిన చోటు. పన్నెండవ శతాబ్దపు వీరుడు యోషిత్సునే పడవెక్కి పారిపోతూ తన కుక్కను ఒడ్డున వదిలేశాడనీ, అది ఏడు పగళ్ళూ ఏడు రాత్రులూ మొరిగి మొరిగి రాయి అయిపోయిందనీ కథ. రెండు చెవులు నిక్కబొడుచుకున్న ఆ రాయిని తోకావా పక్క సముద్రంలో ఇప్పటికీ చూపిస్తారు. అంత పెద్ద వీరుణ్ణి గురించి ఆ ఊళ్ళో ఎక్కువ మాట్లాడరు. కుక్క పేరు మాత్రం అందరికీ తెలుసు, వకమారు. లైట్‌హౌసు 1874లో వెలిగింది. కట్టినవాడు బ్రంటన్ అనే స్కాట్లండు ఇంజనీరు. ఎత్తు 31 మీటర్ల పైచిలుకు, లోపల 99 మెట్లు. ఇంకొకటి వేసి వంద చేయకూడదా అంటే, దగ్గరలోనే "తొంభై తొమ్మిది" అనే పేరుగల కుజుకురి సముద్రతీరముంది, దానికి తగ్గట్టుగా అని సమాధానం. మాలో ఒకరు అరవై దాకా లెక్కపెట్టి, మిగతావాటికి ఊపిరి చాలక లెక్క అల్లుడికి అప్పగించారు. పైన గాలి చీరకొంగును జెండా చేసింది. కింద పసిఫిక్ మహాసముద్రం. కొండలమీదా దీవులమీదా కాకుండా నేలమీద నిలబడి చూసేవారికి, జపాను ప్రధాన ద్వీపంలో కొత్త సంవత్సరపు సూర్యుడు అందరికంటె ముందు కనబడేది ఇక్కడే. ఆ రోజున జనాన్ని చేరవేయడానికి మన చెక్కల రైలు తెల్లవారకముందే పరుగులు తీస్తుంది. ఏడాదికొక్కసారి దానికి కూడా కిక్కిరిసిన అనుభవం దొరుకుతుంది.

ఇప్పుడు మన సంఘం చదువరులకు బాగా పట్టే సంగతి ఒకటి చెప్పాలి. ఈ ఊళ్ళో చేపలవారిలోనూ సోయావారిలోనూ చాలామంది అసలు ఈ ఊరివారు కారు. పదిహేడవ శతాబ్దంలో పడమటిదిక్కున ఎక్కడో ఉన్న కీ దేశంనుంచి, అంటే నేటి వకయామానుంచి, కవ్వళ్ళ గుంపులను వెతుక్కుంటూ పడవల్లో వచ్చినవారు. వలలు తెచ్చారు, సోయా సాసు విద్య తెచ్చారు. తోకావా రేవు కట్టించినవాడు ఆ కీ దేశపు సకియామా జిరోఎమోన్ అనే ఆయన. రేవునుంచి మిట్టమీదికి రాళ్ళు పరచిన నిటారు వీధులు, గీత గీసినట్లు తిన్నగా, ఆయన వేయించినవే. యమసా కంపెనీని స్థాపించిన హమగుచివారూ కీ దేశీయులే. ఊళ్ళో మ్యోఫుకుజి అనే గుడి ఆవరణలో, కీ దేశంనుంచి వలస వచ్చినవారి జ్ఞాపకార్థం 1903లో ఒక శిలాశాసనం నిలిపారు. మేము పని కట్టుకుని వెళ్ళి చూశాము. బరంపురంలోనూ, హోసూరులోనూ, షోలాపురంలోనూ మనవారికి ఇలాంటి రాయి ఒకటి ఎందుకు లేదా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం.

ఆ హమగుచి వంశంలో ఏడవతరం యజమాని గోర్యో. చోషిలో వ్యాపారం, కీ దేశంలో సొంత ఊరు హిరో. రెంటి మధ్యా తిరుగుతూ ఉండేవాడు. 1854లో భూకంపం వచ్చి సముద్రం పొంగినప్పుడు ఆయన హిరోలో ఉన్నాడు. చీకట్లో జనానికి దారి తెలియడంలేదని వరికుప్పలకు నిప్పుపెట్టించాడు. ఆ మంట చూసుకుంటూ జనం మిట్టకు చేరుకున్నారు. తరువాత నాలుగేళ్ళపాటు సొంత డబ్బుతో, ఊరివారికే కూలి ఇచ్చి, 600 మీటర్ల పొడవున గట్టు కట్టించాడు. ఆ గట్టు 1946 ఉప్పెనలో ఊరిని కాపాడింది. చోషిలో అమ్మిన సోయా సాసు డబ్బు అక్కడ గట్టుగా లేచిందన్నమాట. ఆ కథ జరిగిన తిథినిబట్టే నవంబరు 5ను ప్రపంచ సునామీ అవగాహన దినంగా ఐక్యరాజ్యసమితి 2015లో ప్రకటించింది. 2004 డిసెంబరు 26న మన తీరాన సముద్రం ఎలా లేచిందో చూసినవారికి ఈ మైకులూ గట్లూ ఎందుకో చెప్పనక్కరలేదు. 2011 మార్చి 11న చోషి రేవునూ ఉప్పెన తాకింది. రోజూ అయిదింటికి వినిపించే పాట వెనుక అదంతా ఉంది.

ఇంకొక చమత్కారం. ఈ రైలు కంపెనీకి కొత్తబండి కొనే అలవాటు లేదు. టోకియో పక్క ఒక కంపెనీ వాడి వదిలేస్తే, షికోకు ద్వీపంలోని మత్సుయామావారు కొన్నారు. వారు వాడి వదిలేస్తే వీరు కొన్నారు. అన్నగారి చొక్కా తమ్ముడికి, తమ్ముడి చొక్కా చిట్టితమ్ముడికి వచ్చినట్లు. 2024 మార్చిలో వచ్చిన కొత్త పాతబండి మాత్రం నంకాయి కంపెనీది. ఆ కంపెనీ రైళ్ళు ఒసాకానుంచి వకయామాకు నడుస్తాయి. పూర్వం కీ దేశపు మనుషులు పడవమీద వచ్చిన చోటికే, ఇన్ని వందల ఏళ్ళకు ఆ వైపు రైలు పెట్టె కూడా బయలుదేరి వచ్చింది.

తోకావాలో దిగాము. స్టేషను 1923నాటి కొయ్య ఇల్లే. పాత టిక్కెట్ల కిటికీ, పాత ధరల పలక, బల్లమీద పడుకున్న పిల్లి. సోయా కార్ఖానా కూతురికీ జాలరి కుర్రవాడికీ ప్రేమ కుదిర్చి 1985లో టెలివిజనులో వచ్చిన ఒక ధారావాహికకు ఈ ఊరే రంగస్థలమట. స్టేషనులోనుంచి దిగితే సముద్రంలోకే నడిచిపోతామేమో అన్నట్లు వీధి వాలుతుంది. సగం వీధి దిగాక ఒక ఇంటిముందు ఒక ముసలమ్మ చేపలు ఎండబెడుతూ కనబడింది. తొంభైకి ఒకటి అటో ఇటో ఉంటుంది. చీర చూసి ఆగి, ఎక్కడినుంచి వచ్చారని అడిగింది.

"ఇండియా" అన్నాము.

"ఇండియాలో ఎక్కడ?"

ఒడిషాలో అన్నాము. అక్కడ మాట్లాడేది ఏ భాష అంది. అక్కడివారు ఒడియా మాట్లాడతారు, మేము మాత్రం తెలుగు మాట్లాడతాము అన్నాము. మరి మీరు అక్కడివారు కారా అంది. అక్కడివారమే, పుట్టింది అక్కడే, మా తాతలు పుట్టింది అక్కడే, కాని తెలుగువారము అన్నాము. ఈ చిక్కును రెండు భాషల్లో విప్పేసరికి మా అల్లుడికి చెమట పట్టింది. మనకిది అలవాటైన సంకటమే గనుక మేము ఓపికగా నిలబడ్డాము. ముసలమ్మ మాత్రం ఏమీ తికమకపడలేదు. తల ఊపి, "మేమూ అంతే. ఇక్కడివారం కాము, కీ దేశంవారం" అన్నది.

"అలాగా! మీరెప్పుడు వచ్చారు?"

ఆవిడ చేపను తిరగవేసి, వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుని, "మూడు వందల యాభై ఏళ్ళయి ఉంటుంది" అన్నది.